పెరటి షెడ్డు పడగొట్టొద్దు, తాళం తీద్దాం



రాత కొంచెం పొడుగు. ఓపిక చేసుకుని చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టిన వాటిలో నాలుగో అంశం మన భవనం వెనక ఉన్న రేకుల షెడ్డు గురించి. దాన్ని పడగొట్టి కార్లు నిలిపే చోటు చేస్తారట. నోటీసులో ఒక్క లైనుగా వేశారు కాబట్టి చాలామంది చూసి ఉండరు. మేము చూశాం, దానికి మేము ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో, ఆ షెడ్డుతో ఏం చేయవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు మేము ఎవరో చెప్పాలి. మేము నలుగురం. ఒకరు రైల్వే గుమాస్తా, ఈ రాత రాస్తున్న చెయ్యి ఆయనదే. ఒకరు నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్. ఒకరు బడిలో లెక్కల మాస్టరు. ఒకరు కరూరులో బస్సు బాడీలు కట్టిన వడ్రంగి. అందరం రిటైరైనవాళ్ళమే, అందరిదీ తమిళ బడి చదువే. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుకున్నాం, రాతలో తమిళ వాసన తగిలితే సర్దుకోండి. ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున మాలో ఒకరి ఇంటి పెరట్లో కలుస్తున్నాం. విరిగింది అతికిస్తాం, ఆగిపోయింది తిప్పుతాం, లేనిది కట్టుకుంటాం. పనిలేనివాళ్ళ కాలక్షేపం అని కొందరు అంటారు. అననివ్వండి.

ఆ పెరట్లో ఇంతవరకు ఏం చేశామో చెప్తే మా మాట మీకు అర్థమవుతుంది. పాత ఇల్లు పడగొట్టిన చోట దొరికిన టేకు తలుపుతో పని బల్ల చేశాం. వాన నీటికి వడపోత డ్రమ్ము కట్టాం: అడుగున గులకరాళ్ళు, వాటి మీద బొగ్గు, పైన ఇసుక. తమిళనాడులో 2003లో ఇంటింటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు కదా, అప్పుడు అందరం గొట్టాలు పెట్టుకున్నాం. ఇప్పుడు ఎవరి మేడ ఎక్కి చూసినా ఆకులతో మూసుకుపోయి ఉంటాయి. మా డ్రమ్ము ఇంకా పనిచేస్తోందంటే ఏటా ఐప్పసి వానలు మొదలయ్యే ముందు ఇసుక తీసి కడుగుతాం కాబట్టి. పక్క వీధిలో చక్రాల కుర్చీలో ఉన్న ఒక అవ్వకు గుమ్మం ముందు వాలుబల్ల చేసి పెట్టాం. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్కల మాస్టరు పట్టుబట్టాడు. స్థలం లేదని మొదట గొణిగినవాళ్ళం, చివరికి గోడ వెంట మడత పెట్టి ఆ పొడవు సాధించాం. మేడ మీద నీళ్ళ ట్యాంకు నిండగానే కింద దీపం వెలిగేలా ఒక చిన్న చిప్పు బోర్డు పెట్టాం. దానికి ప్రోగ్రాం రాసింది పదో తరగతి పిల్లవాడు. తీగలు లాగింది మేము.

కొత్త వస్తువులంటే మాకు గిట్టదని అనుకోకండి. మాకు వాటి మీద మోజు ఎక్కువే. కొత్త ఫోను ఎవరింటికి వచ్చినా మొదట మా చేతుల్లో తిరిగి వెళ్తుంది. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటే కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు పది గంటలు వేసుకుంటే రెండు నెలల బిల్లులో ఒక్క ఫ్యానుకే 27 యూనిట్ల దాకా తగ్గుతుంది. ఇలాంటి లెక్క వేసి చూపిస్తే ఎవరైనా కొనాల్సిందే. అయితే పాత ఫ్యాను నెమ్మదిగా తిరిగితే కెపాసిటరు మారిస్తే సరి, కొత్త ఫ్యాను ఆగితే లోపలి బోర్డు చూడాలి. ఆ బోర్డు దొరుకుతుందా, దొరికితే ఎవరు మారుస్తారు అనేది కొనే ముందే అడగాలి. మా పెరట్లో ఎవరైనా కొత్త వస్తువు గురించి సలహా అడిగితే మేము మూడు ప్రశ్నలు వేస్తాం. మూత స్క్రూలతో బిగించారా, జిగురుతో అతికించారా? విడి భాగాలు అమ్ముతారా? మన ఊళ్ళో దీన్ని విప్పగలవాడు ఉన్నాడా? మూడింటికీ జవాబు లేకపోతే, ధర ఎంత తక్కువైనా అది ఖరీదైన వస్తువే.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి ఏటా మన వేదిక మీద జి.డి. నాయుడు గారి ఫోటోకు మాల వేస్తున్నాం. మనలో పుట్టిన శాస్త్రవేత్త అని మైకులో చెప్పుకుంటాం. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో తెలుగు ఇంట్లో పుట్టారు. బడి చదువు పెద్దగా లేదు. ఒక తెల్లదొర నడిపిన రడ్జ్ మోటారు సైకిలును చూసి, అలాంటిది సొంతం చేసుకోవాలని హోటల్లో పనికి చేరి, కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొన్నారు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని విప్పి, మళ్ళీ బిగించడం. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపారు, అది యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సుల కంపెనీ అయింది. బ్యాటరీతో పనిచేసే రసాంట్ రేజరు చేశారు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేయగలనని 1941లో చెప్పారు. 1952లో ఇద్దరు కూర్చునే కారును 2,000 రూపాయల్లో తయారు చేసి చూపించారు, దానికి లైసెన్సు మాత్రం దొరకలేదు. 1974లో కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద ఉన్న మ్యూజియంకు వెళ్ళినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

ఆ మోటారు సైకిలు విప్పింది ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ కాదని గుర్తుంచుకోండి. మన తాతల కాలంలో ప్రతి ఊళ్ళోనూ విప్పడానికి ఒక చోటు ఉండేది: కమ్మరి కొలిమి, వడ్రంగి కొట్టం, సైకిలు షాపు, లేకపోతే ఇంటి పెరడు. దేశమంతా దోసె పిండి రుబ్బుకునే వెట్ గ్రైండరు కూడా అలాంటి కోయంబత్తూరులోనే 1955లో పి. సభాపతి గారి చేతుల్లో పుట్టింది. ఇప్పుడు దానికి కోయంబత్తూరు పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇప్పటి మన పిల్లలు అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్నారు. పెరడు లేదు, కొలిమి లేదు. ఉన్న ఒక్క రేకుల షెడ్డునూ మనమే పడగొట్టి, పక్క హాలులో నాయుడు గారికి మాల వేస్తే ఆ మాలకు అర్థం ఏముంది?

కార్లు నిలపడానికి చోటు చాలడం లేదనేది నిజమే, పెళ్ళిళ్ళప్పుడు వీధంతా ఇబ్బంది. అందుకే టేపు పట్టుకుని కొలిచాం. షెడ్డు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. రెండు కార్లు పక్కపక్కన దూరుస్తారేమో, తలుపులు తెరిచి దిగడం మాత్రం కుదరదు. అంటే హాయిగా నిలిచేది ఒక్క కారు. సంఘం డబ్బు ఖర్చు పెట్టి ఒక్క కారుకు చోటు చేస్తున్నాం. ఆ కారు ఎవరిదో ముందే తేల్చుకోండి, తర్వాత గొడవ వద్దు.

ఇప్పుడు ఆ షెడ్డులో కాళ్ళు విరిగిన కుర్చీలు, పాత ట్యూబు లైట్లు, కాలిపోయిన మోటారు, దసరా బొమ్మల చెక్క మెట్లు పడి ఉన్నాయి. ఆ కుర్చీల్లో ఎక్కువ వాటికి వెల్డింగు ఊడింది, అంతే. ప్రతి ఏటా కొత్త కుర్చీలకు బడ్జెట్టులో డబ్బు వేస్తున్నాం.

ఇంట్లో వస్తువుల సంగతీ ఇంతే. మా పెరటికి వచ్చేవాటిలో నిజంగా చచ్చిపోయినవి తక్కువ. మిక్సీ పనిచేయడం లేదని తెస్తారు. దాన్ని బోర్లించి చూస్తే అడుగున ఎర్ర బొత్తాం బయటికి వచ్చి ఉంటుంది. ఎక్కువ బరువు పడినప్పుడు మోటారు కాలకుండా అది కరెంటు ఆపేస్తుంది. కొంచెం చల్లారనిచ్చి ఆ బొత్తాం నొక్కితే మిక్సీ తిరుగుతుంది. అది కాకపోతే జారు కింద రబ్బరు కప్లరు అరిగి ఉంటుంది, లేదా మోటారులో కార్బన్ బ్రష్షులు అయిపోయి ఉంటాయి. గ్రైండరులో రాయి తిరగకుండా మోటారు మాత్రం శబ్దం చేస్తుంటే మొదట బెల్టు చూడాలి. ఫోను ఛార్జి ఎక్కడం లేదంటే చాలాసార్లు ఛార్జింగ్ రంధ్రంలో జేబు నూలు ఇరుక్కుని ఉంటుంది. ఫోను ఆపి, ఎండిన చెక్క పుల్లతో నెమ్మదిగా తీస్తే చాలు. ఎల్.ఇ.డి. బల్బులో చిన్న చిన్న దీపాలు దండలా వరుసగా కలిపి ఉంటాయి. ఒకదాని మీద నల్ల చుక్క పడితే దండంతా ఆరిపోతుంది. ఇన్వర్టరు బ్యాటరీ త్వరగా పోయిందని తిట్టుకునేవాళ్ళు అందులో డిస్టిల్డ్ వాటరు ఎప్పుడు పోశారో చెప్పలేరు. ఈ నాలుగు ముక్కలు ప్రతి ఇంట్లో ఒక్కరికి తెలిస్తే ఎన్ని వస్తువులు చెత్తబండి ఎక్కకుండా ఉంటాయో ఆలోచించండి.

ఇది మా నలుగురి పిచ్చి మాత్రమే అనుకోవద్దు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకావిడ రిపేర్ కెఫే అని మొదలుపెట్టారు. విరిగిన వస్తువు తెచ్చుకోవాలి, తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని తానే బాగు చేసుకోవాలి. ఇప్పుడు అలాంటివి ఎన్నో దేశాల్లో ఉన్నాయి, మన పక్కనే బెంగళూరులో కూడా జరుగుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, వినియోగదారుల దినం నాడు, రిపేరు హక్కు కోసం ఒక పోర్టలు తెరిచింది. యూరపులో 2027 ఫిబ్రవరి నుంచి ఫోను లాంటి వాటిలో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా చేయాలని చట్టం తెచ్చారు. లోకం విప్పడం వైపు తిరుగుతుంటే మనం షెడ్డు మూయడం ఏం న్యాయం?

ఇక మాకు ఎదురయ్యే పెద్ద ప్రశ్న: "మనది భాషా సంఘం, మెకానిక్ షాపు కాదు." దీనికి జవాబు చెప్పకుండా ఓటు అడగడం సరికాదు.

మన తెలుగు తరగతి సంగతి అందరికీ తెలుసు. మొదటి వారం వచ్చిన పిల్లల్లో దసరా దాటేసరికి సగం మంది ఉండరు. నేర్పేవారి తప్పు కాదు, పిల్లల తప్పూ కాదు. వారమంతా బడి, ట్యూషను. 2006 చట్టం తర్వాత బడిలో మొదటి భాష తమిళమే. దాని మీద మాకు కోపం లేదు, మేమూ తమిళంలో చదివి ఉద్యోగాలు చేసినవాళ్ళమే. కానీ శనివారం మళ్ళీ ఒక బల్ల ముందు కూర్చుని అ ఆ దిద్దమంటే పిల్లవాడికి అది ఇంకో ట్యూషను. అదే పిల్లవాడు మా పెరట్లో రెండు గంటలు తెలుగు వింటాడు. "ఆ కొస పట్టుకో." "కొంచెం వదులు చెయ్యి." "అంత గట్టిగా బిగించకు, మర పోతుంది." "ఇటు కాదు, ఎడమకు తిప్పు." చేతిలో పని ఉంది కాబట్టి ఆ మాట అర్థమవుతుంది, అర్థమైంది కాబట్టి తిరిగి తెలుగులోనే అడుగుతాడు. సుత్తి, ఉలి, రంపం అనే మాటలు తమిళంలోనూ తెలుగులోనూ దాదాపు ఒక్కటే, వాడికి ముందే వచ్చు. అక్కడి నుంచి పట్టకారు, ఆకురాయి, చిత్రిక, మేకు అనే మాటలకు దారి దగ్గర. మా పెరట్లో సామాను డబ్బాల మీద పేర్లు తెలుగులో రాసి అతికించాం. కావలసిన డబ్బా దొరకాలంటే చదవాలి. అలా అక్షరాలు పట్టుకున్న పిల్లలు ఉన్నారు. పుస్తకం వద్దనడం లేదు, భాషకు పని కూడా కావాలంటున్నాం.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. మా పెరట్లో సోల్డరింగు అందరికంటే శుభ్రంగా చేసేది ఒక సభ్యుడి కూతురు. ఆమె అతికించిన చోట సీసం చుక్క ముత్యంలా ఉంటుంది, మా చేతులు ఇప్పుడు వణుకుతాయి. మిక్సీ, గ్రైండరు రోజూ వాడేది ఆడవాళ్ళు. ఏ శబ్దం మామూలుది, ఏది కొత్తది అని వాళ్ళకే ముందు తెలుస్తుంది. కాబట్టి ఇది మగవాళ్ళ అడ్డా అయితే మేమే తాళం వేస్తాం.

రెండో ప్రశ్న, ప్రమాదం. ఈ భయం సరైనదే. అందుకే కొన్నింటిని తెరవనే తెరవం. మైక్రోవేవ్ ఓవెన్ తెరవం, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా దాని కెపాసిటరులో ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. పాత డబ్బా టీవీ తెరవం. ఉబ్బిన ఫోను బ్యాటరీని పొడవం, వంచం, నేరుగా ఈ-వేస్టు తీసుకునేవాళ్ళకు ఇస్తాం. గ్యాసు పొయ్యి, గ్యాసు గీజరు, ఏసీ, ఫ్రిజ్ గ్యాసు జోలికి పోం. వారంటీ ఉన్న వస్తువును కంపెనీకే పంపిస్తాం. షెడ్డులో పాత వైరింగు తీసేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టాలి, ఎర్త్ సరిచూడాలి, ఇసుక బకెట్టు, మంట ఆర్పే సిలిండరు ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు కరెంటు ఉన్న వస్తువు ముట్టకూడదు, చెక్క పని, బ్యాటరీ దీపాల పని మాత్రమే. ఈ నియమాలు తెలుగులో, తమిళంలో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయాలి.

మూడో ప్రశ్న, సామాను మాయమవుతుందని. ఇక్కడ గుమాస్తా అనుభవం పనికొస్తుంది. పొన్మలై రైల్వే వర్క్‌షాపు చాలా పెద్దది, ఊటీ కొండ రైలుకు కొత్త ఆవిరి ఇంజన్లు చేసిన చోటు. అలాంటి చోట స్టోర్సులో ప్రతి అరకూ ఒక బిన్ కార్డు ఉంటుంది. ఏ వస్తువు, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, ఎవరి సంతకం. ఒక నట్టు బయటికి పోవాలన్నా కాగితం కావాలి. నాలుగు గోడల షెడ్డుకు అదే పద్ధతి పెట్టడం కష్టం కాదు. సభ్యుడు డ్రిల్లు మిషను ఇంటికి తీసుకెళ్ళాలంటే కార్డు మీద సంతకం, మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి గోడకు మేకు కొట్టడానికి ప్రతి ఇంటికీ ఒక డ్రిల్లు ఎందుకు? సంఘంలో ఒక్కటి ఉంటే అందరికీ చాలు. కార్డులు రాసే బాధ్యత మాది.

కాబట్టి సమావేశం ముందు మేము పెట్టే ప్రతిపాదన ఇది. షెడ్డు పడగొట్టకూడదు. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు తెరవాలి. వైరింగుకు, భద్రత సామానుకు మాత్రం సంఘం డబ్బు ఇవ్వాలి. పనిముట్లు మా నలుగురివి ఇస్తాం, పని బల్ల కూడా అక్కడికి తెస్తాం. వస్తువు తెచ్చినవారు పక్కనే కూర్చుని చూడాలి, వదిలేసి వెళ్ళకూడదు. కూలి తీసుకోం, విడి భాగం ధర మాత్రం వాళ్ళది. మన వీధిలో రిపేరు షాపు పెట్టుకుని బతికేవాళ్ళ కడుపు కొట్టం, మాకు చేతకానిది వాళ్ళ దగ్గరికే పంపుతాం. తమిళ పొరుగువాళ్ళు వస్తే వాళ్ళకూ తలుపు తెరిచే ఉంటుంది, తరతరాలుగా వాళ్ళ మధ్యే కదా బతుకుతున్నాం. ఒక ఏడాది చూడండి. ఎవరూ రాకపోతే, పిల్లలు ఎవరూ ముట్టకపోతే, వచ్చే ఏడాది మీరే పడగొట్టండి. ఆ రోజు మేము అడ్డు చెప్పం.

మా నలుగురిలో చిన్నవాడికి అరవై మూడు. చేతిలో ఉన్న పని చేతితోనే అందించాలి, ఫోటోలో పెట్టి అందించలేం. మాకు తెలిసిన నాలుగు విషయాలు తీసుకోవడానికి ఎవరైనా చేయి చాచేదాకా ఆ షెడ్డు ఉండనివ్వండి.

నాలుగో అంశం వచ్చినప్పుడు హాలులో ఉండండి, భోజనానికి ముందే లేచి వెళ్ళకండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఆగిపోయిన మిక్సీ ఉంటే సంచిలో వేసుకుని తీసుకురండి. ఓటింగు లోపలే దాని సంగతి చూద్దాం.